రాతి నేలలో తియ్యటి ద్రాక్ష

ద్రాక్షాతోట అనగానే మంచి నేల, నిండు నీళ్లు ఉంటాయనుకుంటాం. ఫ్రాన్సు దక్షిణపు కొసన, స్పెయిన్ సరిహద్దుకు దగ్గరగా మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్న బన్యుల్స్ తోటలకు ఆ రెండూ లేవు. పిరెనీస్ పర్వతాలు సముద్రంలోకి దిగే ఏటవాలు కొండలవి. పైన పలుచని మట్టి, కింద పలకలుగా చీలే షిస్టు రాయి. వేసవిలో వాన అరుదు. వాయవ్యం నుంచి ట్రామోంటేన్ అనే గాలి ఈడ్చి కొడుతుంది.

అయితే ఆ లోటుపాట్లే అక్కడ మేలయ్యాయి. పైన నీరందని వేరు రాతి చీలికల్లోకి లోతుగా దిగుతుంది. గాలి ఆకుల తడిని ఆరబెట్టి బూజు తెగుళ్లను తగ్గిస్తుంది. కాపు తక్కువే కానీ తీపి ఎక్కువ. గ్రెనాష్ అనే ద్రాక్షతో చేసే అక్కడి తియ్యటి వైన్‌కు 1936లో ఆ ఊరి పేరుతోనే ప్రభుత్వ గుర్తింపు లభించింది.

కానీ ఆ కొండలు వాటంతటవే తోటలు కాలేదు. కుండపోత వానకు మట్టి సముద్రం పాలవకుండా రైతులు తరతరాలుగా సున్నం, సిమెంటు లేకుండా రాళ్లు పేర్చి మెట్లు మెట్లుగా గోడలు కట్టారు. నీరు పోయే కాలువలు తీశారు. 19వ శతాబ్దంలో అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా పురుగు ఫ్రాన్సు తోటల వేళ్లను పాడుచేసింది. 1868లో ప్లాంషాన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆ పురుగును కనిపెట్టారు. చివరకు దాన్ని తట్టుకునే అమెరికా తీగల వేళ్లపైనే పాత తీగల్ని అంటుకట్టి తోటల్ని నిలబెట్టారు. కీడు వచ్చిన చోటి నుంచే విరుగుడూ వచ్చింది.

ఇప్పుడు మరో పరీక్ష. ఆ కొండలపైకి యంత్రాలు ఎక్కలేవు, కోత చేత్తోనే కోయాలి. పనిచేసేవారు తగ్గి కొన్ని మెట్లు పాడుబడ్డాయి. 2022, 2023 సంవత్సరాల్లో తీవ్రమైన కరవు ఆ ప్రాంతాన్ని పీడించింది. గోడలో జారిన ఒక్క రాయిని వదిలేస్తే వచ్చే వానకు మట్టి, ఆ తర్వాత తీగ పోతాయి.

యెషయా గ్రంథం 5వ అధ్యాయంలోని తోటవాడు కూడా ముందు రాళ్లు ఏరాడు. గోడ కూలితే ఆ తోట గతి ఏమవుతుందో కూడా ప్రవక్త అక్కడే చెప్పాడు. వైన్ ముట్టని మనకూ ఇందులో పాఠముంది. తాతలు కట్టిన గోడ ఉంది కదా అని నిశ్చింతగా ఉండలేం. మన కుటుంబంలో, మన సంఘంలో జారిన రాయి ఏదో చూసుకుని, దాన్ని ఈ రోజే ఎత్తి పెట్టుకోవాలి.