నల్లబడిన తెర వెనుక లెక్క

బర్ దుబాయ్‌లోని ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డు కంప్యూటర్ దుకాణాలకు పేరుపొందిన వీధి కాగా, దుబాయ్ ఇండస్ట్రియల్ సిటీలో 2019లో ప్రారంభమైన ఎన్విరోసర్వ్ కేంద్రం పనికిరావని తేల్చిన యంత్రాలను విడదీసి లోహాలను రాబట్టే చోటు. వర్క్‌స్టేషన్, అనగా ఇంజనీరింగ్, డిజైన్ వంటి భారమైన పనులకు తయారైన కంప్యూటర్, ఆ రెండవ చోటికి వెళ్లే ముందు ఒక్కసారి పరీక్షకు నోచుకోవలసినది; ఎందుకంటే లినక్స్ ఎక్కించగానే తెర నల్లబడినంత మాత్రాన యంత్రం చచ్చినట్లు కాదు, గ్రాఫిక్స్ కార్డుకూ మానిటర్‌కూ మాట కుదరకపోవడం కూడా దానికి కారణం కావచ్చు.

లినక్స్‌లో తెరపై కిటికీలను చూపే ఎక్స్ విండో వ్యవస్థ 1984లో అమెరికాలోని ఎమ్మైటీలో పుట్టింది. లినక్స్ పర్సనల్ కంప్యూటర్లలో దానిని అందించిన ఎక్స్‌ఫ్రీ86 లైసెన్సు వివాదంలో చిక్కుకోవడంతో 2004 నుంచి ఎక్స్.ఆర్గ్ ఆ స్థానంలోకి వచ్చింది. ఆనాటి యంత్రాలలో కార్డు డ్రైవర్, మానిటర్ తట్టుకోగల పౌనఃపున్యాల హద్దులు ఒక కాన్ఫిగరేషన్ ఫైలులో చేతితో రాయవలసి వచ్చేది. అందులో అతి కఠినమైనది మోడ్‌లైన్, అనగా ఒక చిత్రాన్ని తెరపై గీసే కాలపట్టిక.

గాజుగొట్టపు మానిటర్‌లో ఎలక్ట్రాన్ పుంజం ప్రతి వరుస చివర వెనక్కి మళ్లే సమయంలో ఏమీ గీయదు గనుక, 1024 చుక్కల వరుసకు 1344 చుక్కల కాలమూ, 768 వరుసల తెరకు 806 వరుసల కాలమూ కేటాయిస్తారు. సెకనుకు 60 చిత్రాలంటే 1344ను 806తోనూ, ఆపై 60తోనూ గుణించగా 6,49,95,840 వస్తుంది. కార్డు సెకనుకు పంపే చుక్కలు సుమారు 6.5 కోట్లన్నమాట. ఈ గుణకారం అర్థమైతే తక్కిన ఫైలంతా అర్థమైనట్లే. హద్దు మీరిన పౌనఃపున్యం కొన్ని పాత మానిటర్లను పాడుచేయగలిగేది కనుక, ఆ అంకెలను ఊహతో రాయడం ఎంతమాత్రం తగదు.

1994లో వెసా సంస్థ తెచ్చిన ఈడీఐడీ ఈ శ్రమను తగ్గించింది: మానిటరే తన శక్తిసామర్థ్యాలను 128 బైట్ల సమాచారంగా కార్డుకు చెప్పుకుంటుంది. అయితే కొన్ని వీజీఏ తీగలు, ఒకే తెరను పలు కంప్యూటర్లకు పంచే స్విచ్‌లు ఆ మాటను చేరనీయవు. అప్పుడు లినక్స్ తక్కువ రిజల్యూషన్‌తో సరిపెట్టుకుంటుంది. సీవీటీ అనే ఆదేశం కావలసిన మోడ్‌లైన్‌ను లెక్కగట్టి ఇస్తుంది, ఎక్స్‌రాండర్ ఆదేశం దానిని అమలు చేస్తుంది.

2009లో, లినక్స్ కేంద్రభాగమైన కెర్నెల్ 2.6.29 విడుదలతో, తెరను అమర్చే బాధ్యత కెర్నెల్‌కే బదిలీ కావడం మొదలైంది. అది పాత కార్డుతో పొసగనప్పుడు బూట్ సమయంలో ‘నోమోడ్‌సెట్’ అని చేర్చితే మామూలు తెర దక్కుతుంది. ఎన్‌విడియా పాత కార్డుల 340 శ్రేణి డ్రైవర్ చివరి విడుదల 2019 డిసెంబరులో వచ్చింది గనుక, కొత్త కెర్నెళ్లలో స్వేచ్ఛా డ్రైవరైన నూవో మీద ఆధారపడడం మేలు. ఇవేవీ ఫలించకపోతే ఎక్స్ లాగ్‌ఫైలు తెరిచి, రెండు ‘ఈ’ అక్షరాల గుర్తున్న వరుసలను చదవాలి. తప్పు ఎక్కడ జరిగిందో చాలావరకు అక్కడే రాసి ఉంటుంది.