కాంతివేగం – ప్రకటనలోనూ, గాజులోనూ

మాదాపూరులో రోడ్డు పక్కన కందకం తవ్వి గొట్టాలు పాతిపెట్టడం మనకు కొత్త దృశ్యం కాదు. వాటిలోనికి తరువాత ఆప్టికల్ ఫైబరు కేబుళ్ళను తోస్తారు. అటువంటి కందకం పక్కనే ఒక ప్రకటన పలక: "కాంతివేగంతో ఇంటర్నెట్టు!" తరగతిలో నేను కాంతిశాస్త్రం చెబుతుండగా ఒక విద్యార్థి దీనిని ప్రస్తావించి, "అయితే సార్, సెల్‌ఫోను సంకేతాలు అంతకంటె నెమ్మదిగా వస్తాయా?" అని అడిగినాడు. "అవును, అందుకే గదా ఫైబరు వేస్తున్నారు" అని తొందరపడి చెప్పినాను. గంట కొట్టినారు. ఇంటికి పోతూ లెక్క వేసుకొంటే నేను చెప్పినది తప్పని తేలినది. మరునాడు దిద్దుకొని చెప్పిన సంగతులే ఇవి.

సెల్‌ఫోను వాడే రేడియో తరంగాలూ, కాంతీ ఒకే జాతివి. రెండూ విద్యుదయస్కాంత తరంగాలు. గాలిలో రెండింటి వేగమూ సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. కాని ఫైబరులో కాంతి పోయేది గాలిలో కాదు, గాజులో. ఆ సిలికా గాజు వక్రీభవన గుణకం సుమారు 1.47. అనగా అందులో కాంతి సెకనుకు రమారమి 2 లక్షల కిలోమీటర్లే పోగలదు. 600 కిలోమీటర్ల పొడవైన కేబులు ఒకటి ఉన్నదనుకొందాం. కాంతి దానిని దాటడానికి సెకనులో వెయ్యింట 3 వంతులు పడుతుంది. రేడియో తరంగం గాలిలో అంత దూరమూ పోవడానికి వెయ్యింట 2 వంతులు చాలు. పందెంలో ఓడినది ఫైబరే!

ఇది కాగితం మీది వింత మాత్రమే కాదు. అమెరికాలో షికాగో, న్యూయార్కు ప్రాంతాల మధ్య షేర్ల వ్యాపారం కోసం 2010లో వీలైనంత తిన్నగా ఒక ఫైబరు కేబులు వేసినారు. సెకనులో వెయ్యవ వంతును కూడా డబ్బుగా లెక్కించే ఆ వ్యాపారులు కొద్ది సంవత్సరాలలోనే మైక్రోవేవు గోపురాలవైపు మళ్ళినారు.

మరి ఫైబరు గొప్పతనం ఎక్కడున్నది? కుళాయిలో నీరు ఎంత వేగంగా వస్తున్నదన్నది ఒక ప్రశ్న. గంటకు ఎన్ని బిందెలు నిండుతాయన్నది మరొక ప్రశ్న. సన్నని గొట్టంలో నీరు ఎంత ఉరికినా నిండే బిందెలు తక్కువే. ప్రకటనల్లో "వేగం" అనే ఒక్క మాట ఈ రెండింటినీ కలిపివేస్తుంది. ఫైబరులో వాడే 1,550 నానోమీటర్ల పరారుణ కాంతి సెకనుకు సుమారు 193 లక్షల కోట్ల సార్లు కంపిస్తుంది. సెల్‌ఫోను తరంగాలు సాధారణంగా కొన్ని వందల కోట్ల సార్లు మాత్రమే. ఎక్కువ పౌనఃపున్యం గల తరంగం మీద, విశాలమైన పట్టీలో, ఎక్కువ సమాచారాన్ని ఎక్కించవచ్చు. పైగా ఒకే గాజు పోగులో అనేక తరంగదైర్ఘ్యాల కాంతిని ఒకేసారి పంపవచ్చు.

కాంతి పోగులోనుంచి బయటపడకుండా కాపాడేది మన పాఠ్యపుస్తకంలోని సంపూర్ణాంతర పరావర్తనమే. దానిని అందరూ చెబుతారు. అసలు కష్టం గాజు శుద్ధిది. ఒక కిటికీ అద్దాన్ని అంచునుంచి చూడండి, ఆకుపచ్చగా కనిపిస్తుంది. అందులో కలిసిన ఇనుము చేసే పని అది. మాదాపూరు భవనాల అద్దాలు నిర్మలంగా ఉన్నట్లు తోచడానికి ఒక కారణం వాటి మందం కొన్ని మిల్లీమీటర్లే కావడం. కిలోమీటరు గాజును దాటిన తరువాత కాంతిలో నూటికి 1 వంతు మిగిలినా ఫైబరు పనికివస్తుందని 1966లో చార్లెస్ కావో, జార్జి హాకమ్‌లు సూచించినారు. 1970లో అమెరికాలోని కార్నింగు సంస్థవారు ఆ మేరకు చేరినారు. నేటి మంచి ఫైబరులో 15 కిలోమీటర్లు పోయిన తరువాత కూడా సగం కాంతి మిగులుతుంది. కావోకు 2009లో నోబెల్ బహుమతి వచ్చినది. నా దృష్టిలో వార్త కావలసినది ఈ శుద్ధి. కాని దానిని ప్రకటన పలక మీద వ్రాసేవారు లేరు.

గాజే కాంతిని ఆలస్యం చేస్తే, దానిని గాలిలోనే పంపరాదా? 1880లో గ్రాహం బెల్ సూర్యకాంతి మీద మాటను 200 మీటర్లకు పైగా పంపినాడు. 2017 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇటువంటి వార్త వచ్చినది: రాష్ట్ర ఫైబర్‌నెట్ సంస్థ, ఆల్ఫాబెట్‌కు చెందిన "ఎక్స్" విభాగం కలిసి, తీగ లేకుండా కాంతి పుంజంతో కలిపే 2,000 లంకెలు ఏర్పాటు చేస్తామని ప్రకటించినాయి. కందకం తవ్వడం కష్టమైన కొండలకూ, నదులకూ ఇది మంచి ఆలోచనే. అయితే ఆ వార్త చదవగానే నేను వెదికినది పొగమంచు సంగతి. అరకు లోయలో చలికాలపు ఉదయం ఎదుటి చెట్టు కనిపించదు. కాంతి పుంజానికీ అదే గతి.

"వానలో ఇంకా ఎక్కువ పాడవుతుంది గదా సార్?" అని అదే విద్యార్థి అడిగినాడు. ఈసారి తొందరపడక, అతనిచేతనే బోర్డు మీద లెక్క వేయించినాను. 2 మిల్లీమీటర్ల వ్యాసం గల ఒక చినుకును 20 మైక్రాన్ల బిందువులుగా విడగొడితే 10 లక్షల బిందువులు వస్తాయి. నీరు అంతే, కాని కాంతికి అడ్డుపడే వైశాల్యం 100 రెట్లయినది.