నిబంధన శబ్దము: ప్యూరిటనుల పరిపాలనము, దుమ్ముగూడెపు మతబోధ

తెలుగున ‘నిబంధన’ యను శబ్దము రెండర్థములలో వాడుకలో నున్నది. ‘ని’ యను నుపసర్గము ముందుగా గల బంధ ధాతువునుండి పుట్టిన యీ శబ్దమునకు గట్టుబాటు మూలార్థము. తెలుగు బైబిలులో నిది దేవునికిని నరులకును నడుమ గల యొడంబడికను దెలుపును. రాజకార్యస్థానములలో శాసనాంగమైన నియమమును దెలుపును. ఈ రెండర్థములు నొకటియే యని నమ్మి రాజ్యము నడపినవారు ప్యూరిటనులు. వానిని వేఱుగా నుంచవలసి వచ్చిన తావులలో భద్రాచలారణ్యసీమ యొకటి. ఈ భేదమువలన బ్రజల కేమి కలిగెనో విచారింపదగియున్నది.

ప్యూరిటను లనగా శుద్ధివాదులు. పదునాఱవ శతాబ్దిలో నింగ్లండున బుట్టిన యీ వర్గమువారు, ఆ దేశపు రాజకీయ మతసంఘమున రోమక మతాచారములు మిగిలియున్నవనియు, వానిని దొలగించి గ్రంథోక్తమైన యారాధననే నిలుపవలెననియు వాదించిరి. దేవుడు వ్యక్తితోనే గాక సమాజముతో గూడ నిబంధన చేయునని వారి సిద్ధాంతము. ఒకడు తప్పినను దైవాగ్రహ మందఱపై బడును. కావున బాపమును శిక్షించుట పాలకుని విధి యయ్యెను.

1630లో జాన్ విన్‌త్రాప్ నాయకత్వమున వీరనేకులు అమెరికాలోని మాసచుసెట్సు తీరమునకు వలస పోయిరి. మతసంఘ సభ్యులు గానివారికి బాలకుల నెన్నుకొను హక్కు లేదని 1631లో నిర్ణయించిరి. మతబోధకులు రాజ్యపదవుల నొందలేదు. అయినను సంఘమున జేరినవాడే పౌరుడు. 1641 నాటి శాసనమున మరణదండనకు బైబిలు వాక్యములే ప్రమాణములుగా జూపబడినవి. పాలకులకు అంతరాత్మపై నధికారము లేదన్న రోజర్ విలియమ్సు 1635లో బహిష్కృతుడై, మఱుసటి యేట ప్రావిడెన్సు పట్టణమును స్థాపించెను. 1659 మొదలు 1661 వఱకు నలుగురు క్వేకరులు బోస్టనులో నురిదీయబడిరి.

అచటి వనవాసుల గతి మఱింత శోచనీయము. జాన్ ఎలియట్ అను బోధకుడు వారి భాష నభ్యసించి, 1663 నాటికి బైబిలునంతయు నా భాషలో ముద్రింపించెను. 1651లో నాటిక్ అను గ్రామము నేర్పఱచి, మోషే కథ ననుసరించి పదుగురకును, ఏబదుగురకును, నూర్గురకును నొక్కొక్క యధికారిని నిలిపెను. అయినను 1675లో యుద్ధము రాగా, పాలకులు క్రైస్తవులైన యా గ్రామవాసులనే శంకించి డీర్ ద్వీపమునకు దరలించిరి. ఆ శీతకాలమున నాకలిచే ననేకులు మరణించిరి. ఉపసర్గము మాఱినంతనే నిబంధనము నిర్బంధ మగును. వారికి జరిగినది యదియే. తుదకు 1691 నాటి రాజపత్రముతో, ఓటునకు సంఘసభ్యత్వము గాక యాస్తి యాధారమయ్యెను.

ఇక భద్రాచలసీమకు వత్తము. ఉద్యోగి భక్తియు రాజధనమును నెదురుపడుట యిచట క్రొత్త గాదు. పదునేడవ శతాబ్దిలో బాల్వంచ పరగణా యుద్యోగియైన కంచెర్ల గోపన్న పన్నుల సొమ్ముతో రామునకు గుడి గట్టించి గోలకొండలో జెఱ బొందెనని ప్రసిద్ధి. 1860లో నిజాము గోదావరి యెడమగట్టున నున్న యీ ప్రాంతము నింగ్లీషువారి కిచ్చెను. ఆ కాలముననే, నదిపై నౌకామార్గపు బనులు చేయించుచు దుమ్ముగూడెమున నుండిన యింజనీరు కెప్టెన్ హేగు ప్రోత్సాహమున గోయలకు గ్రైస్తవబోధ మొదలయ్యెను. దానిని జర్చి మిషనరీ సొసైటీవారు నడపిరి. వీరు ప్యూరిటనులు గారు, ఆంగ్ల రాజకీయ మతసంఘములోనివారు. అయినను గ్రంథప్రామాణ్యమునందును, విశ్రాంతిదిన నియమమునందును బట్టుదల ప్యూరిటనులనుండి వారికి సంక్రమించినది.

కాని విన్‌త్రాపునకు గల యధికారము హేగునకు లేదు. ప్రజల మతవిశ్వాసములలో నుద్యోగులు జోక్యము చేసికొనరాదని 1858 నాటి విక్టోరియా రాణి ప్రకటనము విధించెను. కావున హేగు విశ్వాసము చట్టము గాలేదు, బోధగానే నిలిచెను. తరువాత వచ్చిన జాన్ కెయిను బోధకుడు కోయల యాచారములను వివరించుచు ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ పత్రికలో వ్యాసములు వ్రాసెను. అంతరాత్మకై యురికంబ మెక్కవలసిన యవస్థ కోయకు గలుగలేదు. ఇది చిన్న లాభము గాదు.

అంతమాత్రమున గోయకు స్వేచ్ఛ మిగిలినదని చెప్పరాదు. 1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలు మధ్యపరగణాలనుండి చెన్నపురి రాజధానికి మాఱినవి. పిమ్మట బోడు వ్యవసాయముపై శిస్తు పెరిగెను. కొన్ని యడవులలో బోడు నిషిద్ధ మయ్యెను. 1879లో రంపసీమలో బుట్టిన తిరుగుబాటు రేకపల్లికి వ్యాపించుట కిది ముఖ్యకారణములలో నొకటి. మతనిబంధన తాకనివానిని శిస్తు నిబంధన తాకెను.

నిబంధన యన నుభయపక్షముల యొడంబడిక. మాసచుసెట్సు వనవాసి గాని, రేకపల్లి కోయ గాని తన్ను బంధించు నియమమును వ్రాయునపుడు సంప్రదింపబడలేదు. ఒకచోట నది దేవుని పేరను, వేఱొకచోట బొక్కసము పేరను వ్రాయబడినది. రాజ్యమునుండి మతమును వేఱుచేయుట న్యాయమునకు మొదటి మెట్టు. నియమమునకు లోబడువాని సమ్మతి గైకొనుట రెండవది. దుమ్ముగూడెపు సీమలో నాడు మొదటి మెట్టు మాత్రమే కట్టబడినది.