కరవునేలలో మెలియాయిడోసిస్: మధుమేహ రోగులలో అరుదైన రక్తసంక్రమణ

ఉపోద్ఘాతం:

ఆరోగ్యవంతుని దేహం అణచివేయగలిగిన సూక్ష్మజీవులు సైతం వ్యాధినిరోధక శక్తి సన్నగిల్లినవారి రక్తంలో చేరితే ప్రాణాంతకమవుతాయి. మెలియాయిడోసిస్ అటువంటి వ్యాధి. ఇది వరిమళ్ళున్న తడిప్రాంతాల వ్యాధిగా ప్రసిద్ధం. వర్షాభావానికి పేరుపడిన కర్నూలు, కడప ప్రాంతాలలో దీనిని అనుమానించనక్కరలేదా అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1. నేలలోని క్రిమి:

వ్యాధికారకం బర్ఖోల్డేరియా సూడోమాలై అనే బాక్టీరియా. 1911లో రాంగూన్‌లో విట్మోర్, కృష్ణస్వామి అనే వైద్యులు మార్ఫిన్‌కు అలవాటుపడి కృశించిన పేదలలో ఈ వ్యాధిని తొలిసారి గుర్తించారు. ఈ క్రిమి మట్టిలోను, నీటిలోను జీవిస్తుంది. వేసవిలో నేల లోపొరలలో నిలిచి, వానలతో పైకి వస్తుంది. కాలిపగుళ్ళు, గాయాలు, శ్వాస, తాగునీరు దీనికి ప్రవేశమార్గాలు. ప్రపంచంలో ఏటా సుమారు 1,65,000 మంది దీని బారిన పడుతున్నారని, వారిలో 89,000 మంది మరణిస్తున్నారని 2016లో వెలువడిన అంచనా. బాధితులలో సగానికి సగం మంది మధుమేహ రోగులే. మూత్రపిండాల వ్యాధి, అతిమద్యపానం, దీర్ఘకాల స్టెరాయిడ్ వాడకం కూడా ముప్పును పెంచుతాయి.

2. కరవుసీమలో తడి:

రాయలసీమ అంతా ఎండునేల కాదు. కె.సి. కాలువ కింద వరి పండుతుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ వరదలు కర్నూలును ముంచెత్తాయి. 2021 నవంబరులో చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట ప్రాంత గ్రామాలు కొట్టుకుపోయాయి. భారీ వర్షాలు, వరదల తరువాత మెలియాయిడోసిస్ పెరగడం ఇతర దేశాలలో నమోదైన విషయం. 2025లో గుంటూరు సమీపంలోని తురకపాలెంలో వరుస మరణాలు సంభవించినప్పుడు వైద్యులు ఈ వ్యాధినే అనుమానించారు. ఇవి సీమలో వ్యాధి ఉన్నదనడానికి నిరూపణలు కావు. లేదని నిశ్చింతగా ఉండరాదనడానికి మాత్రం తగిన కారణాలు.

3. నిర్ధారణలో చిక్కులు:

జ్వరం, దగ్గు, బరువు తగ్గడం వంటి లక్షణాల వల్ల దీనిని క్షయగా పొరబడతారు. కాలేయంలో, ప్లీహంలో చీముగడ్డలు ఏర్పడవచ్చు. రక్తాన్ని కల్చర్ చేసినప్పుడు పెరిగిన క్రిమిని సూడోమొనాస్‌గానో, బయటినుండి చేరిన మాలిన్యంగానో భావించే ప్రమాదముంది. జెంటామైసిన్, కొలిస్టిన్ మందులకు ఇది సాధారణంగా లొంగదు. సెఫ్టజిడిమ్ లేదా మెరోపెనెమ్‌ను కనీసం రెండు వారాలు నరానికి ఎక్కించి, తరువాత కోట్రైమోక్సజోల్ మాత్రలను కనీసం మూడు నెలలు వాడాలి. మధ్యలో మానితే వ్యాధి తిరగబెట్టవచ్చు.

ముగింపు:

తొలకరి తరువాత పొలం పనులకు వెళ్ళిన మధుమేహ రోగికి జ్వరం తగ్గనప్పుడు, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తాన్ని కల్చర్‌కు పంపడం, రోగి వృత్తిని ప్రయోగశాలకు తెలియజేయడం అవసరం. రైతుకూలీల వైపునుండి చక్కెర అదుపు, కాలిగాయాల సంరక్షణ, బురదలో బూట్ల వాడకం ముఖ్యం. వానలు తక్కువైన నేలలో ఈ వ్యాధి అరుదు కావచ్చు. అరుదన్న కారణంతో పరీక్షించకపోతే అది ఎప్పటికీ లెక్కకు రాదు.