మా భీముడి బరువు

ఎముకల గూడులా ఉన్న కుక్కను చూస్తే ఎవరికైనా మొదట తోచేది ఒక్కటే: "పాపం, దీనికింత అన్నం పెట్టండి!" అన్నం పెట్టడంలో మన ఇళ్ళలో ఎవరూ ఎవరికీ తీసిపోరు. కాని ఆ కుక్క గుండెలో పురుగులున్నప్పుడు అన్నం పెట్టడం కూడా వైద్యంలో భాగమేననీ, దానికీ ఒక లెక్క ఉన్నదనీ మా ఇంట్లో అందరం భీముడి దగ్గరే నేర్చుకున్నాం.

మేముండేది అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని హూస్టన్ నగరం. ఉక్కలోనూ, వానలోనూ, దోమలలోనూ మన కాకినాడకు చెల్లెలనుకోండి. దిక్కులేని కుక్కలను చేరదీసేచోటికి వెళ్ళి, మావారూ పిల్లలూ కలిసి ఒక మూడేళ్ళ మగకుక్కను తీసుకొచ్చారు. 25 కిలోలు ఉండవలసినవాడు 18 కిలోలున్నాడు. పక్కటెముకలు వీధిలోంచే లెక్కపెట్టవచ్చు. అప్పటికి మా ఇంటికి వచ్చి ఉన్న అత్తయ్యగారు వాణ్ణి ఎగాదిగా చూసి, "భీముడంతవాడివి కావాలిరా నాయనా!" అన్నారు. ఆ పేరే స్థిరపడిపోయింది.

నెత్తురు పరీక్షలో హార్ట్‌వర్మ్, అంటే గుండెపురుగు, ఉన్నదని తేలింది. మనవైపు బోదకాలు తెచ్చే పురుగుకు ఇది దాయాది. అదీ దోమకాటుతోనే వస్తుంది, ఇదీ అంతే. దోమ వదిలిన పిల్లపురుగు కుక్క ఒంట్లో ఆరేడు నెలలు పెరిగి, గుండె నుంచి ఊపిరితిత్తులకు పోయే రక్తనాళాలలో కాపురం పెడుతుంది. ఆడపురుగు సేమియా పోగులా సన్నగా, ఇంచుమించు అడుగు పొడుగు ఉంటుంది. మన దేశంలో కూడా ఈశాన్య రాష్ట్రాల కుక్కలలో ఇది ఉన్నది.

డాక్టరమ్మగారు తేదీలన్నీ కాగితం మీద వేసి ఇచ్చారు. మొదటి నాలుగు వారాలూ డాక్సీసైక్లిన్ మాత్రలు. పురుగు కడుపులో దాగి దానికి బలమిచ్చే సూక్ష్మజీవిని అవి చంపుతాయి. నెలనెలా పిల్లపురుగుల మందు వేరే. 60వ రోజున మెలార్సొమిన్ అనే పాషాణపు మందు నడుము కండలోకి ఇంజక్షను. మళ్ళీ 90వ రోజున ఒకటి, 91వ రోజున ఒకటి.

అసలు చిక్కు అక్కడే ఉంది. చచ్చిన పురుగు బయటికి పోదు. ముక్కలై నెత్తుటితోపాటు ఊపిరితిత్తులలోకి కొట్టుకుపోతుంది. శరీరం దాన్ని వారాల తరబడి మెల్లగా కరిగించుకోవాలి. ఈలోగా కుక్క పరుగెత్తిందా, ఆ ముక్కలు సన్ననాళాలకు అడ్డుపడి ప్రాణంమీదికి వస్తుంది. అంచేత మొదటి రోజునుంచి ఆఖరి ఇంజక్షను తరవాత ఆరు, ఎనిమిది వారాల దాకా పరుగు లేదు, గెంతు లేదు, మెట్లు లేవు.

ఇప్పుడు చూడండి విపరీతం! తిండి పెడితే బలం వస్తుంది. బలం వస్తే పరుగెత్త బుద్ధవుతుంది. పరుగెత్తితే ప్రాణం పోతుంది. నీరసంగా పడి ఉన్ననాడు వాణ్ణి కూర్చోబెట్టడం తేలిక. మేము కండ పట్టిస్తున్నకొద్దీ కాపలా కష్టమైంది.

"అమ్మాయ్, ఇంత నెయ్యి వేసి పప్పన్నం కలిపి పెడితే నెలతిరక్కుండా కోలుకోడూ?" అన్నారు అత్తయ్యగారు.

"డాక్టరమ్మగారు వద్దన్నారత్తయ్యా," అన్నాను. ఎండిన కడుపులో ఒక్కసారిగా ఎక్కువ పడితే రక్తంలో లవణాలు తారుమారవుతాయి. కొవ్వు ఎక్కువైతే క్లోమగ్రంథి వాస్తుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్క నెత్తురును పాడుచేస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలకు చేటు. మాత్ర వేసే వేళకు పాలూ పెరుగూ పెడితే మందు సరిగా ఒంటపట్టదు.

అంతా విని ఆవిడ, "ఉల్లీ వెల్లుల్లీ లేని వంటేగా! ఆ మడివంట నాకు కొత్తా?" అన్నారు.

రోజుకు నాలుగుసార్లు కొద్దికొద్దిగా పెట్టాం. కుక్కపిల్లల కోసం అమ్మే బలమైన తిండిని గిన్నెతో కొలిచి పెట్టేవాళ్ళం. మాత్రను అందులోనే ఇచ్చి, వెంటనే నీళ్ళు తాగించేవాళ్ళం. పైన మెత్తటి అన్నం, ఉడికించిన గుడ్డు, తోలూ ఎముకా తీసిన కోడిమాంసం. ఈ పైవన్నీ కలిపి రోజు తిండిలో పదోవంతు మించకూడదు. కోడి మావారి వంతు. అత్తయ్యగారి కంట పడకుండా పెరట్లో ఉడికించేవారు.

తిండితోనే కాలక్షేపం కూడా కల్పించాం. పాతతువ్వాలులో పలుకులు చుట్టి ఇస్తే, వాసన పట్టి విప్పుకోవడానికి వాడికి అరగంట పట్టేది. పరుగెత్తకుండానే ఒళ్ళు అలిసేది.

ఆదివారం ఆదివారం మావారు వాణ్ణి ఎత్తుకుని బరువు యంత్రం ఎక్కేవారు. అందులోంచి ఆయన బరువు తీసేస్తే వాడిది వస్తుంది. (పెరుగుతున్నది వాడొక్కడే కాదని కూడా ఆ లెక్కలో బయటపడింది.) వారానికి నాలుగువందల గ్రాముల చొప్పున, మొదటి ఇంజక్షను నాటికి ఇరవై ఒకటిన్నర కిలోలయ్యాడు.

ఇంజక్షన్లతోపాటు స్టీరాయిడు మాత్రలిచ్చారు. దాంతో రాక్షసాకలి! గిన్నె నాకి, నేల నాకి, నా మొహంకేసి చూసేవాడు. కాని ఆ ఆకలి మందుది. ఆ మందు ఆకలి పెంచుతూనే కండ తరుగుతుంది. జాలిపడి కొలత దాటితే పెరిగేది కొవ్వే.

మూడో ఇంజక్షను తరవాత ఎనిమిదో రోజు. పొద్దున గిన్నె ముట్టలేదు. అంత ఆకలిమందు మీద ఉన్నవాడు ముట్టలేదంటేనే నా గుండె జారిపోయింది. మధ్యాహ్నానికి దగ్గు, ఆయాసం. వారం, పది రోజుల మధ్యనే గండమనీ, దగ్గు, ఆయాసం, తిండి మానడం కనిపిస్తే గడియ ఆగవద్దనీ డాక్టరమ్మగారు ముందే చెప్పి ఉన్నారు. మావారు చేతులమీద ఎత్తుకుపోయారు. రెండు రాత్రులు ప్రాణవాయువు పెట్టి ఉంచారు. ఆ రెండు రాత్రులూ అత్తయ్యగారు దేవుడి గదిలోంచి కదలలేదు. మూడోనాడు ఆస్పత్రివాళ్ళు ఫోను చేసి, "చెంచాడు తిన్నాడు," అన్నారు. ఆ చెంచాడు తిండి మాకు పండగైంది.

తరవాత ఎనిమిది వారాలు గడిచాయి. గొలుసు పట్టుకుని మొదట అయిదు నిమిషాలు, ఆపైన పది నిమిషాలు నడిపించాం. కూర్చున్నవాడికి పట్టేది కొవ్వు, నడిచినవాడికే కండ. పక్కటెముకలు ఇప్పుడు కంటికి కనబడవు, వేళ్ళతో తడిమితే తెలుస్తాయి. కుక్క ఒళ్ళు సరిగా ఉన్నదనడానికి అదే గుర్తు.

ఆఖరి ఇంజక్షను అయిన తొమ్మిది నెలలకు చేసిన పరీక్షలో పురుగు జాడ లేదు. అయినా దోమలు ఎక్కడికీ పోలేదు గనుక నెలనెలా మందు మానలేదు. ఊరు వెళ్ళిపోయిన అత్తయ్యగారు ఆదివారం ఆదివారం ఫోను చేస్తారు. ముందు భీముడి బరువు అడుగుతారు, తరవాతే మనవడి మార్కులు.