విండోస్ 10 ఆగినా.. మీ ల్యాప్‌టాప్ ఆగక్కర్లేదు!

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు చదువుకునే చాలామంది చేతిలో ఉండేది కొత్త ల్యాప్‌టాప్ కాదు. బెంగళూరు ఎస్పీ రోడ్డులో బేరమాడి తెచ్చిన సెకండ్‌హ్యాండ్‌దో, ఉద్యోగం వచ్చాక అన్నయ్య ఇంట్లో వదిలేసిందో అయ్యుంటుంది. కోడింగ్ సాధనా దాంతోనే, కంపెనీల ఆన్‌లైన్ పరీక్షలూ దాంతోనే. అది విండోస్ 10తో నడుస్తోందా? అయితే మీరో నిర్ణయం తీసుకోవాలి. ఆ విండోస్‌కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టును 2025 అక్టోబర్ 14తో ఆపేసింది.

సిస్టమ్ ఎప్పటిలాగే ఆన్ అవుతుంది, ఏమీ మారినట్టు ఉండదు. చిక్కంతా అక్కడే. కొత్తగా బయటపడే లోపాలను సరిచేసే అప్‌డేట్లు ఇక దానంతటదే రావు. మీ మెయిల్, సర్టిఫికెట్లు, బ్యాంకు ఖాతా అందులోనే తెరుస్తారు కదా!

ముందు సెట్టింగ్స్‌లో 'సిస్టమ్', అందులో 'అబౌట్' తెరిచి ప్రాసెసర్ పేరు చూడండి. ఐ5-8250యు అని ఉంటే ఎనిమిదో తరం, ఐ5-6300యు అయితే ఆరో తరం. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే విండోస్ 11కు అర్హత. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, టీపీఎం 2.0 కూడా కావాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల 'పీసీ హెల్త్ చెక్' యాప్ ఈ లెక్కంతా చెప్పేస్తుంది. టీపీఎం లేదని చూపిస్తే కంగారు పడకండి, కొన్నింట్లో అది బయోస్‌లో ఆఫ్ అయి ఉంటుంది. ఆన్ చేస్తే చాలు.

అర్హత ఉంటే ఒరిజినల్ విండోస్ 10 నుంచి అప్‌గ్రేడ్ ఉచితం. లేకుంటే? నిబంధనలు దాటించే ట్రిక్కులు యూట్యూబ్‌లో బోలెడు. పనిచేస్తాయి కూడా. కానీ అలాంటి మెషిన్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. ప్లేస్‌మెంట్ల సీజన్‌లో నేనైతే వాటి జోలికి పోను. దానికన్నా 'ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్'లో నమోదు చేసుకోండి. 22హెచ్2 వెర్షన్ ఉండి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు అందుతాయి. విండోస్ అప్‌డేట్ పేజీలోనే 'ఎన్‌రోల్ నౌ' అని ఉంటుంది.

ఇంకో దారి లినక్స్. తక్కువ మేత తిని చిక్కటి పాలిచ్చే పుంగనూరు ఆవు లాంటిదన్నమాట. లినక్స్ మింట్ 2 జీబీ ర్యామ్‌తోనూ నడుస్తుంది, 4 జీబీ ఉంటే హాయి. పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే, ఇన్‌స్టాల్ చేయకుండానే వైఫై, కెమెరా, మైక్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. పైథాన్, జావా, గిట్, వీఎస్ కోడ్ అన్నీ దొరుకుతాయి. లినక్స్ కమాండ్లు వచ్చని రెజ్యుమెలో నిజాయతీగా రాసుకోవచ్చు కూడా. ఇబ్బందల్లా ఒకటే: కెమెరా నిఘాతో జరిగే కొన్ని పరీక్షల సాఫ్ట్‌వేర్ విండోస్, మాక్‌ల మీదే పనిచేస్తుంది. అందుకే విండోస్‌ను తీసేయకుండా రెండూ పక్కపక్కన ఉంచుకోండి. దీన్నే డ్యూయల్ బూట్ అంటారు.

హెచ్‌పీ సంస్థ 2002లో 'ఐ-కమ్యూనిటీ' పేరుతో కుప్పం ప్రాంతానికి కంప్యూటర్లు తెచ్చింది. ఆ కాలం మెషిన్లను ఇప్పుడు లేపాలనుకోవడం వృథా ప్రయాస. పదేళ్ల నాటి ల్యాప్‌టాప్ కథ వేరు. అందులో ఇంకా హార్డ్‌డిస్కే ఉంటే, ఏ సాఫ్ట్‌వేర్ మార్చే ముందైనా ఎస్‌ఎస్‌డీ వేయించండి. తేడా మొదటిసారి ఆన్ చేసినప్పుడే తెలిసిపోతుంది. షాపులో 'క్రాక్' విండోస్ వేస్తామంటే మాత్రం వద్దనండి. యాక్టివేటర్ల చాటున మాల్‌వేర్ రావడం మామూలే.

మొదలుపెట్టే ముందు ప్రాజెక్టు ఫైళ్లు, ఫొటోలు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయండి. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ఛార్జర్ తీయొద్దు. పరీక్షకు ముందు రోజు అస్సలు పెట్టుకోవద్దు, వారం పది రోజుల వ్యవధి ఉండాలి. కొత్త సిస్టమ్‌లో ఆ కంపెనీ ఇచ్చే సిస్టమ్ చెక్ లింకును ఒకసారి నడిపి చూడండి. ఇక డౌన్‌లోడ్ అంటారా, విండోస్ 11 ఫైలు 5 జీబీ దాటుతుంది. రోజుకు 1.5 జీబీ ఫోన్ ప్యాక్‌తో అయ్యేది కాదు, కాలేజీ వైఫైలో దించుకోండి.