రాయలసీమ భూతకాల క్రియారూపాలు: అక్షర విభజన, ఊనిక – ఫ్రెంచితో పోలిక

ధర్మవరం, పెనుకొండ, రామగిరి ప్రాంతాల వాడుకలో ‘చేసినాడు’, ‘వచ్చినాడు’, ‘చెప్పినాడు’ అనే భూతకాల రూపాలు నేటికీ సహజంగా వినిపిస్తాయి. కోస్తాలో ఇవి ‘చేశాడు’, ‘వచ్చాడు’, ‘చెప్పాడు’ అయ్యాయి. పత్రికలలో, పాఠ్యపుస్తకాలలో రెండవ వరుస స్థిరపడడంతో మొదటిదానిని గ్రామ్యమనో కన్నడ ప్రభావమనో తోసిపుచ్చే ధోరణి ఏర్పడింది. అక్షర విభజన ఈ రెండు అభిప్రాయాలనూ సమర్థించదు.

లిపిలో ‘వ-చ్చి-నా-డు’ అని విడదీసినా ఉచ్చారణలోని విభజన ‘వచ్-చి-నా-డు’. సంయుక్తాక్షరానికి ముందున్న హ్రస్వాన్ని గురువుగా లెక్కించే ఛందో నియమం ఈ ఉచ్చారణనే అనుసరించింది. ఆ లెక్కన ‘వచ్చినాడు’ గురు-లఘు-గురు-లఘువులతో ఆరు మాత్రలు. ‘వచ్చాడు’ గురు-గురు-లఘువులతో ఐదు. రెండు గురువుల నడుమ చిక్కిన లఘువే కోస్తాలో కరిగిపోయింది. అయితే జాడ లేకుండా పోలేదు. ‘వచ్చాడు’లోని దీర్ఘం అక్కడ శుద్ధమైన ఆకారం కాదు, ఆకార ఏకారాల నడిమి ధ్వని. కొందరు రచయితలు ‘వచ్చేడు’ అని రాయడానికి కారణం ఇదే. ‘చేశాడు’లో సకారం శకారం కావడమూ లోపించిన ఇకారం పనే.

‘పడినాడు – పడ్డాడు’ జంట దారి వేరు. ఇక్కడ ఇకారం పోయినా ద్విత్వం ఆ లోటును పూరించింది. మాత్రలు రెండింటా ఐదే. ఈ దీర్ఘం శుద్ధమైన ఆకారం కనుక ‘పడ్డేడు’ అని ఎవరూ రాయరు.

ఇటువంటి కుదింపు ఫ్రెంచిలోనూ ఉంది, కాని అక్కడ కారణం ఊనిక. ‘కొను’ అనే అర్థమున్న క్రియకు ఉత్తమ పురుష ఏకవచనం ‘జాషెత్’. ఊనిక ధాతువుపై పడడంతో ఎకారం స్పష్టంగా పలుకుతుంది. బహువచనంలో ఊనిక ప్రత్యయానికి జరిగి ‘ను జాష్తోఁ’ అవుతుంది. రాతలో నిలిచిన ఎకారం నోట వినపడదు. ‘వచ్చు’ అనే అర్థమున్న క్రియలో ‘వ్యేఁ – వెనోఁ’ భేదమైతే లాటిన్ నాటి ఊనిక మిగిల్చిన గుర్తు.

తెలుగులో అర్థభేదకమైన ఊనిక లేదు. కాబట్టి ఫ్రెంచి కారణాన్ని యథాతథంగా ఇక్కడికి తేవడం కుదరదు. పై రూపాలలో కుదింపు చోటును నిర్ణయించినది మాత్రాపరిమాణం: లోపించినది పదమధ్య హ్రస్వ ఇకారమే, తొలి అక్షరం చెక్కుచెదరలేదు.

కన్నడ ప్రభావ వాదమూ ఇక్కడ నిలవదు. వాడుక కన్నడంలో ‘మాడిద’ అన్నది ‘మాడ్ద’ కావడం సాధారణం. అంటే ఇకారాన్ని జారవిడిచే పొరుగు భాష పక్కనే ఉండగా సీమ తెలుగు దానిని నిలుపుకొంది. ఇకారాన్ని నిలుపుకొన్నది సీమ ఒక్కటే కాదు. తెలంగాణ ‘చేసిండు’లోనూ అది భద్రంగా ఉంది, అక్కడ కుదించుకున్నది తర్వాతి దీర్ఘం. ‘చే-సిన్-డు’ అని విడదీస్తే అదీ గురు-గురు-లఘువే, ‘చేశాడు’ వలెనే ఐదు మాత్రలు.